పోతే పోయింది కప్పు: టీకా తాత్పర్య సహితం

మూలం:
పోతే పోయింది కప్పు. ఇకమీద లీగు మీదే మా దృష్టి.

అవతారిక: ఈ వాక్యం అపౌరుషేయం. మొదట పలికినవాడెవడో ఎవరికీ తెలియదు. ఇంగ్లండులో ఏ చిన్న ఫుట్‌బాల్ క్లబ్బు ఏ చలికాలపు శనివారం ఎఫ్‌ఏ కప్పులో ఓడినా, సాయంత్రం ఐదింటికి దాని మేనేజరు మైకు ముందుకొచ్చి ఇదే చదువుతాడు. ఊరు మారినా, మనిషి మారినా స్వరం తప్పదు, అక్షరం పొల్లుపోదు. పుస్తకంలో చూసి నేర్చింది కాదు, గురుముఖతః వచ్చిందని వినగానే తెలిసిపోతుంది.

నాకిది దొరికిన వైనం చెప్పాలి. మా అబ్బాయి దగ్గర ఆర్నెల్లు ఉండి వద్దామని వెళ్ళాను. వాళ్ళది ఉత్తరాన ఓ చిన్న ఊరు. ఆ ఊరికో క్లబ్బు, అయిదో డివిజన్లో ఆడుతుంది. పదకొండేళ్ళ మా మనవడికి ఆ క్లబ్బంటే ప్రాణం. నవంబరులో ఒక శనివారం కప్పు మ్యాచికి నన్నూ లాక్కుపోయాడు. ఎదుటివాళ్ళు మాకంటే ఒక డివిజన్ కింద. అయినా రెండు బస్సుల నిండా జనం వచ్చి, వానలో గొంతు చించుకుని పాడుతున్నారు. మావాళ్ళు మాత్రం మామూలుగా ఆడే పదకొండు మందిలో ఎనిమిది మందిని ఇంట్లో పడుకోబెట్టి వచ్చారు. ఒక గోలుతో ఓడారు. జట్టులో ఎనిమిది మందిని తగ్గించినవాళ్ళు టికెట్టులో ఒక్క పెన్నీ కూడా తగ్గించలేదని ఇక్కడే రాసిపెడుతున్నాను. టీకాలో మళ్ళీ సందు దొరుకుతుందో లేదో.

బయటికి వస్తుంటే మేనేజరు ఏదో చెబుతున్నాడు. "ఏమంటున్నాడ్రా?" అన్నాను. వాడు తెనిగించి చెప్పిన వాక్యమే పైన మూలంగా ఇచ్చింది.

ముప్పై రెండేళ్ళు ఇంటర్ పిల్లలకి ప్రతిపదార్థాలు చెప్పి బతికినవాణ్ణి. ఇలాంటి వాక్యం కంటబడితే ఊరుకోలేను. పైగా మాది మెదక్ వైపు, అంటే కొలచెల మల్లినాథసూరి వైపు. ఆయన ఊరు ఇప్పటి కొల్చారం. కాళిదాసు కావ్యాలకు ఆయన చేసిన వ్యాఖ్య పేరు సంజీవని. చెడ్డ వ్యాఖ్యల విషం తలకెక్కి మూర్ఛపోయిన కవివాక్కుకు ప్రాణం పోయడానికి రాశానన్నాడు. నా కేసు తలకిందులు. ఇక్కడ విషం మూలంలోనే ఉంది. మూర్ఛపోయింది నేను.

పోతే పోయింది: చేదర్థకం. జరగబోయేదానికి వాడవలసిన రూపాన్ని జరిగిపోయినదానికి వాడడం తెలుగువాడి వేదాంతం. పాలు విరిగితే, రైలు తప్పితే, అల్లుడు అలిగితే మనమూ ఇదే అంటాం. అయితే మనం పోయినదాని కోసం కాసేపు ఏడ్చి అంటాం. ఇక్కడ ఆ ఏడుపు లోపించింది. పోకముందే పోగొట్టుకోవడానికి జట్టు తయారుచేసుకుని వచ్చినవాడికి ఈ చేదర్థకం చెల్లదని నా మతం.

'పోయింది' అనే క్రియకు దొంగిలింపబడింది అని కూడా అర్థం ఉంది. ఆ అర్థాన్ని వదిలేస్తే వ్యాఖ్యాతగా నాకు పాపం చుట్టుకుంటుంది. 1895 సెప్టెంబరులో ఎఫ్‌ఏ కప్పు నిజంగానే పోయింది. ఆ ఏడు గెలిచిన ఆస్టన్ విల్లా దాన్ని బర్మింగ్‌హాంలో ఒక దుకాణం అద్దాల వెనక ముచ్చటగా పెట్టింది. రాత్రి ఎవరో ఎత్తుకుపోయారు. మళ్ళీ దొరకలేదు. కొత్తది చేయించడానికి విల్లాకి 25 పౌండ్లు జరిమానా వేశారు. 'పోతే పోయింది కప్పు' అని మనస్ఫూర్తిగా అనే అర్హత చరిత్రలో ఉంటే గింటే ఆ ఒక్క క్లబ్బుకే ఉంది.

ఆ విల్లా ఈ కథలో ఎక్కడ తవ్వినా తగులుతుంది. 1888లో పన్నెండు క్లబ్బులతో లీగు అనేదాన్ని పుట్టించిన విలియం మెక్‌గ్రెగర్ స్కాట్లండునుంచి వచ్చిన బట్టల వ్యాపారి; విల్లా మనిషి. 2014 జనవరిలో, నిజాయితీగా చెప్పమంటే ప్రీమియర్ లీగు మేనేజర్లు చాలామంది ఈ కప్పు లేకున్నా బతికేస్తామంటారు అనే ధోరణిలో మాట్లాడిన పాల్ లాంబర్ట్ కూడా విల్లా మేనేజరే. ఆ వెంటనే ఆయన జట్టు సొంత మైదానంలో మూడో డివిజన్‌లోని షెఫీల్డ్ యునైటెడ్ చేతిలో 2-1తో ఓడింది. కప్పు గొడవ వదిలింది కదా, ఇక లీగులో ఏం చేశారంటారా? ఇరవై జట్లలో పదిహేనో స్థానం. షెఫీల్డ్ వాళ్ళు వెంబ్లీలో సెమీఫైనల్ దాకా వెళ్ళారు.

కప్పు: ఇది శ్లేష. ట్రోఫీ అని ఒక అర్థం, ఇంటి పైకప్పు అని ఒక అర్థం. ఇంగ్లీషువాడికి ఈ రెండో అర్థం లేకపోవడం వాడి భాషాదారిద్ర్యం. చిన్న క్లబ్బుకి మాత్రం రెండూ ఒకటే. మొదటిది దొరికితేనే రెండోది పడుతుంది.

దీనికి ఉదాహరణ ఎక్సెటర్. 2003లో లీగులోంచి కిందికి జారి, అప్పుల్లో మునిగి, చివరికి అభిమానుల సంఘం చేతికి వచ్చిన క్లబ్బు. 2005 జనవరిలో కప్పులో మాంచెస్టర్ యునైటెడ్ మైదానానికి వెళ్ళి, అరవై ఏడు వేల మంది ముందు ఒక్క గోలు పడనీయకుండా 0-0తో వచ్చింది. డ్రా అయింది గనక రీప్లే. ఆ రీప్లేలో ఓడితే ఓడింది (ఇదీ అసలైన చేదర్థకం), రెండు ఆటల డబ్బుతో క్లబ్బు నిలబడింది. గేటు వసూళ్ళలో ఇద్దరికీ చెరి 45 శాతం, మిగిలిన పది ఉమ్మడి నిధికి, అదీ కప్పు ధర్మం. లీగులో మన ఊరికి మనదే, వాళ్ళ ఊరికి వాళ్ళదే. పెద్దింటి విస్తరిలో సగం పేదింటికి వచ్చే ఏర్పాటు ఈ ఆటలో కప్పుకే ఉంది. మూడేళ్ళ తర్వాత, 2008లో, ఎక్సెటర్ తిరిగి లీగుకెక్కింది.

2021 జనవరిలో మెరీన్ అనే ఎనిమిదో డివిజన్ జట్టుకి టోటెన్‌హాం తగిలింది. మైదానం పక్కన వరసగా ఇళ్ళు, ఆ పెరళ్ళలోంచి జనం తొంగిచూస్తుంటే మౌరినియో మేనేజరుగా ఉన్న ఆ జట్టు అయిదు గోళ్ళు వేసి వెళ్ళింది. కోవిడ్ వల్ల లోపలికి ఎవర్నీ రానివ్వలేదు. అందుకని క్లబ్బువాళ్ళు, ఆట చూపించని ఉత్తుత్తి టికెట్లు పది పౌండ్ల చొప్పున అమ్మితే ముప్పై వేలకు పైగా కొన్నారు. మూడు వేల పైచిలుకు పట్టే మైదానానికి! అయిదు గోళ్ళతో ఓడినా లాభం వచ్చే వ్యవహారం నా ఎరుకలో పెళ్ళి కాక ఇదొక్కటే.

ఇకమీద: అనగా ఇంతవరకు లేదని. స్పష్టం.

లీగు: సులభపదం, వ్యాఖ్య అక్కర్లేదు. అక్కర్లేని చోటే ఎక్కువ రాయడం మా సంప్రదాయం.

కప్పు 1871–72లో మొదలైంది, లీగుకంటే దాదాపు పదిహేడేళ్ళు పెద్ద. ఆటగాళ్ళకి జీతాలివ్వడం 1885లో చట్టబద్ధమైంది. కప్పులో మొదటి రౌండులోనే ఓడితే ఆ తర్వాత శనివారాలు ఖాళీ, జీతాలు మాత్రం వారంవారం. అందుకని ఓడినా గెలిచినా శనివారం ఆట ఉండితీరాలని మెక్‌గ్రెగర్ లీగు పెట్టాడు. లీగంటే నెల జీతం, కప్పంటే ఊళ్ళో అష్టావధానం. ఇంతవరకు ఎవరికీ తగవు లేదు.

తగవు ప్రమోషన్ దగ్గర. 1987 దాకా, కింది లీగులో మొదటి స్థానంలో నిలిచినంత మాత్రాన పై లీగులోకి రానిచ్చేవారు కాదు. నాలుగో డివిజన్ అడుగున ఉన్నవాళ్ళు మమ్మల్ని ఉంచండని, బయటివాళ్ళు మమ్మల్ని తీసుకోండని పై క్లబ్బుల ముందు నిలబడి ఓట్లు అడుక్కునేవాళ్ళు. మన సొసైటీ ఎన్నికలే అనుకోండి. ఆ ఓటరు దేవుళ్ళకి నీ పట్టిక తెలియదు, నీ పేరు తెలిసి ఉండాలి. పేరు ఎలా తెలుస్తుంది? 1972లో హెర్‌ఫర్డ్ అనే సదరన్ లీగు జట్టు, మొదటి డివిజన్ జట్టు న్యూకాజిల్‌ని వాళ్ళ ఊళ్ళో 2-2తో నిలబెట్టి, ఫిబ్రవరి 5న తమ ఎడ్గర్ స్ట్రీట్ బురదలోకి రీప్లేకి రప్పించింది. రోనీ రాడ్‌ఫర్డ్ అనే ఆయన ముప్పై గజాల దూరంనుంచి ఒక్కటి తన్నాడు. వలలో పడింది. కుర్రాళ్ళు మైదానం మీద పడ్డారు. అదనపు సమయంలో రికీ జార్జ్ రెండోది వేశాడు. అదే వేసవిలో ఓట్లు లెక్కపెడితే హెర్‌ఫర్డ్ లోపలికి, బారో అనే క్లబ్బు బయటికి. బారో తిరిగి రావడానికి 2020 దాకా పట్టింది.

కాబట్టి 'కప్పా, ప్రమోషనా?' అని అడిగితే ఆనాటి హెర్‌ఫర్డ్‌వాడు మీ మొహం చూసేవాడు. కప్పే ప్రమోషన్.

ఆ రోజు టీవీలో ఆట చెప్పినాయన జాన్ మాట్సన్. అప్పటికింకా కుర్రవాడు, పేరు లేదు. ఆ గోలుతో పేరొచ్చింది, యాభై ఏళ్ళు నిలిచింది. ఆయన్నీ వ్యాఖ్యాత అనే అంటారు గనక మా కులస్థుడే. మల్లినాథుడికి కాళిదాసు దొరికాడు, మాట్సన్‌కి రాడ్‌ఫర్డ్ దొరికాడు. నాకు దొరికింది చూశారుగా.

హెర్‌ఫర్డ్ క్లబ్బు 2014 డిసెంబరులో కోర్టు ఉత్తర్వుతో మూతపడింది. కొత్త పేరుతో మళ్ళీ పెట్టుకున్నారు. రాడ్‌ఫర్డ్ గోలు మూతపడలేదు.

మీదే: ఇక్కడ నన్ను తొందరపెట్టకండి.

'మీద' చివర తగిలించిన ఆ ఏత్వం చూడ్డానికి చిన్నది. సంస్కృతంలో ఏవకారం. దీనికి అర్థాలు మూడని నైయాయికులు తేల్చారు. మొదటిది అయోగవ్యవచ్ఛేదం: శంఖం తెల్లనిదే, అంటే తెలుపు లేని శంఖం ఉండదు. రెండోది అన్యయోగవ్యవచ్ఛేదం: పార్థుడే విలుకాడు, అంటే తక్కినవాళ్ళెవరూ కారు. మూడోది అత్యంతాయోగవ్యవచ్ఛేదం: నల్లకలువ ఉండనే ఉంటుంది, అంటే కలువలన్నీ నల్లనివని కాదు, నల్లది బొత్తిగా ఉండదనడానికి వీల్లేదని. ఇంత చిన్న అక్షరానికి ఇంత పొడుగు పేర్లు పెట్టిన జాతి ప్రపంచంలో మరొకటి లేదు.

మా గురువుగారు ఈ మూడూ చెప్పడానికి ఒక వేసవి తీసుకున్నారు. రెండోదాని దగ్గర బండి ఆగిపోయింది. 'పార్థుడే విలుకాడు' అనగానే వెనక బల్లమీంచి ఒకడు లేచి "మరి కర్ణుడండీ?" అన్నాడు. గురువుగారు నవ్వి, కర్ణుడికి శాపాలున్నాయి, అవసరానికి అస్త్రం గుర్తుకు రాదు, విలుకాడనిపించుకోవాలంటే సమయానికి గుర్తుండాలి అన్నారు. వాడు కూర్చున్నాడు. మరొకడు లేచి "భీష్ముడు?" అన్నాడు. ఆయనకి ఎదుట శిఖండి ఉంటే చెయ్యాడదు అన్నారు. ద్రోణుడు? కొడుకు పోయాడంటే విల్లు కింద పెట్టేశాడు. ఇలా ఒక్కొక్కణ్ణీ కొట్టిపారేస్తూ వచ్చి, పార్థుడొక్కడే మిగిలాడని సంబరపడుతుంటే కిటికీ పక్కనుంచి ఒక పిల్లవాడు, మామూలుగా నోరెత్తనివాడు, "ఏకలవ్యుడు?" అన్నాడు. గురువుగారు చాలాసేపు మాట్లాడలేదు. చివరికి, "ఒరే, ఏకలవ్యుడి బొటనవేలు కోయకుండా 'పార్థుడే' అనే మాటలో ఆ ఏత్వం నిలబడదురా" అన్నారు. గంట కొట్టారు. మూడో అర్థం మర్నాటికి వాయిదా పడింది. నలభై ఏళ్ళు దాటినా ఆ గంట నాకు ఇంకా వినిపిస్తుంది.

ఏ విషయంమీంచి వచ్చాను? ఫుట్‌బాల్. బొటనవేలు.

ఎక్సెటర్‌ని బతికించింది రీప్లే. హెర్‌ఫర్డ్‌ని పైకెక్కించింది రీప్లే. పెద్దవాడి ఊళ్ళో ఒళ్ళు విరుచుకుని ఒక డ్రా సాధిస్తే, ఆ పెద్దవాడు మన బురదలోకి రావలసి రావడం: చిన్న క్లబ్బు చేతికున్న ఒకే ఒక్క విద్య అది. పెద్ద క్లబ్బులకి యూరప్ ఆటలు ఎక్కువైపోయాయి, క్యాలెండర్లో ఖాళీ లేదు అని 2024–25 నుంచి ప్రధాన పోటీలో మొదటి రౌండు మొదలుకొని రీప్లేలు ఎత్తేశారు. చిన్న క్లబ్బులు మొత్తుకున్నాయి. ద్రోణుడైనా అడిగి తీసుకున్నాడు.

సరే, ప్రకృతం. 'లీగు మీదే మా దృష్టి' అన్నచోట ఏత్వం ఏ జాతిది? మొదటి జాతి అంటే, లీగు లేని దృష్టి వీళ్ళకి లేదని. ఊరికే గొప్పలు. మేనేజరుగారి ఉద్దేశం రెండోదే, లీగు తప్ప మరొకటి కంటికి ఆనదని. అలాగైతే కప్పుకి పేరెందుకు ఇచ్చినట్టు? ఆ రోజు గేటు డబ్బులో తమ వాటా తీసుకునేటప్పుడు ఆ కన్ను మూసుకునే తీసుకున్నారా? ఇక మూడో జాతి: దృష్టి లీగు మీద అప్పుడప్పుడూ ఉండనే ఉంటుంది, బొత్తిగా ఉండదని అనలేం. ఈ మూడిట్లో ఏది సాధువో శబ్దంతో తేలదు, పాయింట్ల పట్టికతో తేలాలి. పట్టిక ఏప్రిల్ నెలాఖరుకి గాని పూర్తికాదు. అందాకా తీర్పు వాయిదా.

మా: ఈ పదం దగ్గర మా మనవణ్ణి మెచ్చుకోవాలి. ఇంగ్లీషులో మేమూ మనమూ ఒకటే మాట. తెలుగులోకి తెచ్చేటప్పుడు వాడు 'మన దృష్టి' అనవచ్చు, అనలేదు. పుట్టింది అక్కడ, తెలుగు ఇంట్లో విన్నంతే, అయినా 'మా' అన్నాడు. వినేవాడు ఇందులో లేడని ఆ పిల్లవాడికి వానలో నిలబడి తెలిసింది.

మా పక్కన ఒక పెద్దాయన నిలబడ్డాడు. యాభై ఏళ్ళుగా అదే కమ్మీ దగ్గర నిలబడుతున్నాడట. జట్టు పేర్లు చదవగానే కాగితం మడిచి జేబులో పెట్టుకుని, తొంభై నిమిషాలూ మాట్లాడలేదు. ఆయన్ని ఎవరూ అడగలేదు. అడిగి ఉంటే, డివిజన్ మధ్యలో మరో మూడు పాయింట్లకి బదులు జనవరిలో ఏ ఆర్సెనలో తమ ఊరికి రావడం కావాలనేవాడేమో. ఈ 'మా'లో ఎవరున్నారో విడమరిచి చెప్పకుండా మాట్లాడేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది; ఫుట్‌బాల్ అనే కాదు.

దృష్టి: దీని తద్భవం దిష్టి. ఇంతమంది ఇన్నేళ్ళు ఒకేదానిమీద పెడితే తగలకుండా ఉంటుందా?

ఇప్పుడు పూర్వపక్షం. దాని మాట కూడా వినాలి, లేకపోతే మల్లినాథుడి ఊరివాణ్ణని చెప్పుకోకూడదు.

పూర్వపక్షి అంటాడు: అయ్యా, మీరు ఒక్క శనివారం చూసి మాట్లాడుతున్నారు. లీగులో 46 ఆటలు. మా దగ్గర పట్టుమని ఇరవై మంది లేరు. సగంమందికి మంగళవారం రాత్రి ఆడి బుధవారం పొద్దున్న మళ్ళీ పనికి పోవాలి. కప్పులో ఒకడి మోకాలు పోతే వసంతం దాకా లేడు. పైకెక్కితే వచ్చే డబ్బు ఏడాదంతా వస్తుంది, కప్పు డబ్బు చీటీ ఎత్తినట్టు ఒకసారి వస్తుంది. శిఖరం దగ్గరైతే లెక్క మరీ ఘోరం: ప్రీమియర్ లీగులోకి ఒక్కసారి ఎక్కితే పది కోట్ల పౌండ్లకు పైమాట, కప్పు ఫైనల్ గెలిచినవాడికి ఇచ్చేది ఈమధ్య 20 లక్షలు. పోర్ట్స్‌మత్ 2008లో కప్పు గెలిచింది. రెండేళ్ళలో దివాలా పరిపాలనలోకి పోయి, పాయింట్లు కోల్పోయి, డివిజన్లో అడుగున పడింది. విగన్ సంగతి మీకు తెలియదా?

తెలుసు. పోర్ట్స్‌మత్‌ని ముంచింది తాహతుకి మించిన జీతాలు, కప్పు కాదు. విగన్ మాట వేరు, అది నిజంగా గుచ్చుకునేదే. 2013 మే 11న వెంబ్లీలో, 91వ నిమిషంలో బెన్ వాట్సన్ తలతో వేసిన గోలుతో మాంచెస్టర్ సిటీని ఓడించి విగన్ కప్పు ఎత్తింది. ఆ చలికాలంలోనే కాలు విరిగి అతికినవాడు వాట్సన్. అప్పటి క్లబ్బు యజమాని డేవ్ వీలన్ ఆటగాడిగా 1960 ఫైనల్లో కాలు విరగ్గొట్టుకుని మైదానం బయటికి మోయించుకున్నవాడు. యాభై మూడేళ్ళ తర్వాత ఆ మనిషి ముందర ఆ కప్పు. మూడు రోజులకి ఆర్సెనల్ చేతిలో 4-1తో ఓడి కింది డివిజన్లోకి పడ్డారు. ఒకే ఏడు కప్పు గెలిచి కిందికి పడ్డ మొదటి క్లబ్బు. తర్వాత ఇంకా కిందికి, 2020లో దివాలా పరిపాలన దాకా.

ఇది చదివి పూర్వపక్షి మీసం దువ్వుతాడు. దువ్వనివ్వండి. ఆ ఏడు లీగులో పదిహేడో స్థానంలో నిలిచి బతికిపోయిన క్లబ్బేదో చూడకుండా చెప్పమనండి.

పైగా అదే ఏడు, అదే నెలలో బ్రాడ్‌ఫర్డ్ సిటీ ఉంది. నాలుగో డివిజన్ జట్టు. లీగు కప్పు అనే వేరే పోటీలో వరసగా విగన్‌నీ ఆర్సెనల్‌నీ పెనాల్టీల్లో, విల్లానీ (ఇదిగో మళ్ళీ) రెండు ఆటల్లో కలిపి 4-3తో పడగొట్టి ఫైనల్‌కి వెళ్ళి, స్వాన్సీ చేతిలో అయిదు గోళ్ళు తిని వచ్చింది. అలిసిపోయిందా? మేలో మళ్ళీ అదే వెంబ్లీకి ప్లేఆఫ్ ఫైనల్‌కి వెళ్ళి నార్తాంప్టన్‌ని 3-0తో ఓడించి పైకెక్కింది. ఆ సీజన్లో వాళ్ళు ఆడినవి అరవైకి పైగా ఆటలు.

లింకన్ సంగతి ఇంకా రుచి. 1987లో ఓట్ల పద్ధతి పోయి పట్టిక పద్ధతి రాగానే, లీగులోంచి బయటపడ్డ మొట్టమొదటి క్లబ్బు లింకనే. ముప్పై ఏళ్ళకి, 2016–17లో, వ్యాయామం మాస్టార్లుగా పనిచేసిన కౌలీ సోదరులు ఆ జట్టుని నడిపారు. అప్పటికి లింకన్ ఉన్నది అయిదో డివిజన్, అంటే మా మనవడి క్లబ్బు ఉన్నచోటే. 2017 ఫిబ్రవరిలో ప్రీమియర్ లీగు జట్టు బర్న్‌లీని దాని సొంత ఊళ్ళో 89వ నిమిషం గోలుతో ఓడించి క్వార్టర్ ఫైనల్‌కి చేరారు. లీగు బయటి జట్టు అంతదూరం వెళ్ళడం నూరేళ్ళ తర్వాత అదే. అక్కడ ఆర్సెనల్ అయిదు గోళ్ళు వేసింది. మాస్టార్లు 'పోతే పోయింది' అన్నారో లేదో గాని, ఆ డివిజన్లో మొదటి స్థానంలో నిలిచి పైకెక్కారు.

మాస్టార్లంటే నాకు పక్షపాతం, ఒప్పుకుంటాను. మా హైదరాబాదు సయ్యద్ అబ్దుల్ రహీం కూడా బడి పంతులే. ఆయన తయారుచేసిన హైదరాబాదు సిటీ పోలీసు జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా అయిదు సార్లు రోవర్స్ కప్పు గెలిచింది. అప్పుడు దేశమంతటికీ ఒక లీగు లేదు, అది 1996లో గాని రాలేదు. మా మేనమామ ఆ జట్టు గురించి చెప్పేటప్పుడు కుర్చీలోంచి లేచి నిలబడి చెప్పేవాడు. 'లీగు మీదే దృష్టి' అనడానికి లీగే లేని కాలం అది. దానివల్ల ఆ పోలీసులకి వచ్చిన లోటేమీ కనబడదు.

ఇక పూర్వపక్షి లెక్కకి లెక్క. అయిదో డివిజన్లో 24 క్లబ్బులు. ఇప్పటి పద్ధతిలో పైకెక్కేవి రెండు, ఒకటి నేరుగా, ఒకటి ప్లేఆఫ్‌లో. అంటే నవంబరులో 'లీగు మీదే' అని చదివే ఇరవై నలుగురిలో ఇరవై ఇద్దరు మేలో పైకెక్కకుండా ఇంటికి పోతారు. మూడో స్థానంలోనో నాలుగో స్థానంలోనో ఉన్నవాడు కప్పు వదులుకుంటే నేను నోరు మూసుకుంటాను, వాడికి కారణం ఉంది. పన్నెండో స్థానంలో ఉన్నవాడు దేనికోసం దాచుకుంటున్నాడు? పదకొండో స్థానం కోసమా? ఎనిమిది మందిని దాచి కాపాడింది ఏమిటో చెప్పమంటే మైకు ముందు నిలబడ్డవాడికి మంత్రం ఉంది గాని మాట లేదు.

తాత్పర్యం: పిల్లవాడు వానలో తడిశాడు. పెద్దాయన మాట్లాడలేదు.

ఇతి శ్రీ మెతుకుసీమ వాస్తవ్యుడైన రిటైర్డు తెలుగు మాస్టారిచేత రచింపబడిన 'రీప్లే సంజీవని' అనే వ్యాఖ్యలో ఏకవాక్య ప్రకరణం సమాప్తం అని రాసి, వాయిదా వేసిన తీర్పు కోసం చివర నాలుగు గీతలు ఖాళీ వదిలి హైదరాబాదు వచ్చేశాను. ఏప్రిల్ నెలాఖరున ఒక రాత్రి మనవడు ఫోన్ చేశాడు.

"తాతయ్యా, లీగు అయిపోయింది."

"ఎంతో స్థానం నాన్నా?"

"పద్నాలుగు."

కాబట్టి మూడో అర్థమే సాధువు.